ముళ్ళకొమ్మ పెట్టిన కారు

వరంగల్ బట్టల బజారులోకి కార్లు పోరాదన్న కట్టడి వచ్చిన సంవత్సరమే, హసన్‌పర్తి దారిలో నగరపు అంచున ఒక విశాలమైన బయలును చదును చేయించి, తెల్లగీతలు గీయించినారు. కారును అక్కడ విడిచి, బస్సెక్కి బజారుకు పోవలెను. కాగితాల మీద దాని పేరు పార్క్ అండ్ రైడ్. జనం నోట అది కార్ల అడ్డా. ఆ అడ్డాకు, బజారుకు మధ్య తిరిగిన మొదటి బస్సును నడిపినవాడు సారంగపాణి.

ఆయన హసన్‌పర్తి మగ్గాల వాడలో పుట్టినవాడు. తండ్రి జంపఖానాలు నేసి బట్టల బజారులో వెంకటేశ్వర్లు సేటు దుకాణానికి వేసేవాడు. మూటల వెంట వస్తూ పోతూ ఉన్న పిల్లవానికి నూలు మీద కంటె చక్రాల మీద ధ్యాస ఎక్కువని సేటు కనిపెట్టినాడు. మొదట దుకాణపు వ్యాను, తరువాత ఇంటి కారు సారంగపాణి చేతికి వచ్చినవి. పెండ్లి, వినోద కాపురానికి రావడం, తల వెంట్రుకలు నెరవడం, అన్నీ ఆ కొలువులోనే జరిగిపోయినవి.

సేటు భారీ మనిషి. వెనుక సీటులో ఎడమవైపు కూర్చొనేవాడు. బండి ఆపవలసిన చోట నోటితో చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఉంగరమున్న వేలితో డ్రైవరు సీటు వీపు మీద రెండు మార్లు తట్టేవాడు. ఇంట్లో భార్య పిలుపుకైనా ఒక్కొక్కసారి బదులు పలుకని సారంగపాణి, ఆ తట్టుకు మాత్రం ఎంత రద్దీలోనైనా ఆగేవాడు.

బజారులో కార్లను ఆపవలెనని మొదటిసారి మాట వచ్చినప్పుడు, వర్తకుల సమావేశంలో ఎదురు తిరిగినవారిలో సేటు ముందున్నాడు. "కారు దిగి పట్టుచీర కొనే మనిషి బస్సు దిగి కొంటదా? బస్సోడు బాగుపడ్తడు, మనం ఈగలు కొట్టుకుంట కూసుంటం" అన్నాడు. అందరూ నవ్వినారు. తలుపు దగ్గర చెప్పుల నడుమ నిలబడిన సారంగపాణి కూడా నవ్వినాడు.

ఆ వేసవిలోనే, పెండ్లిళ్ళ గిరాకీ ముమ్మరంగా ఉన్న ఒక మధ్యాహ్నం, సేటుకు దుకాణంలో రొమ్ము పట్టుకొన్నది. కారులో పడుకోబెట్టబోతే వద్దని, ఎప్పటివలెనే ఎడమవైపు కూర్చొన్నాడు. దవాఖాన మేడ మీది పేరు కారులో నుండి చదువుకొనేంత దగ్గరలో ఉన్నది. కాని వీధికి రెండు వైపుల కార్లు నిలిపి ఉన్నవి. నడుమ మిగిలిన సందులో రెండు బండ్లు ఎదురెదురుగా ఇరుకుకొని, ముందుకు రావు, వెనుకకు పోవు. సారంగపాణి దిగి ప్రతి కిటికీ దగ్గర చేతులు జోడించినాడు. కొందరు జాలిపడినారు, కొందరు హారను కొట్టినారు. ఎవరి బండీ కదలలేదు, కదలడానికి చోటు లేదు. తిరిగి వచ్చి చక్రం పట్టుకొన్నప్పుడు, వీపు వెనుక రెండు మార్లు తట్టిన చప్పుడు విన్నాడు. ఆగుమంటున్నాడు కాబోలు అనుకొన్నాడు. ఎంతోసేపటి నుండి ఆగియే ఉన్న బండిని ఇక ఎట్లా ఆపవలెనో తెలియక వెనుదిరిగి చూసినాడు. సేటు నిటారుగా కూర్చొని ఉన్నాడు, చేయి ఒడిలో ఉన్నది.

కట్టడి అమలయ్యే ఏర్పాట్లు అటు తరువాత కొన్ని వారాలకు మొదలైనవి. ఆ పథకాన్ని గీసినవాడు చైతన్య అనే యువ ఇంజనీరు. అతడు డ్రైవర్లను ఎంచుకొనడానికి స్వయంగా వచ్చి, సారంగపాణిని చూసి, "ఇన్నేండ్లు కారు నడిపినవ్, ఇప్పుడు బస్సెందుకు కాకా?" అని అడిగినాడు.

"బజార్ల తొవ్వ ఖాళీగ ఉండాలె సారూ. అది ఖాళీగ ఉన్నదని రోజు నా కండ్లతోని చూసుకుంటె నాకు నిద్ర పడ్తది."

చైతన్య, "తొవ్వకు అడ్డంగ ఇనుప స్తంభాలు పాతుడు ఒక్క దినం పని. కారు దిగిన మనిషికి జెల్ది వచ్చే బస్సు చూపకపోతే ఆ స్తంభాలను జనమే పీకుతరు. దసరా దాకనే మనకు గడువు. అప్పటికి బస్సులు నిండకపోతే కట్టడి ఎత్తేస్తమని మున్సిపాలిటీ పెద్దలు చెప్పిండ్రు" అన్నాడు.

అప్పటి నుండి సారంగపాణికి దసరా తప్ప వేరొక పండుగ లేదు.

ఇంతలో సేటు ఇంట మరొక చిక్కు వచ్చినది. సేటు ధనిష్ఠా నక్షత్రంలో పోయినాడు. ఆ నక్షత్రంలో ప్రాణం పోయిన ఇంటిని ఆరు మాసాలు పాడుపెట్టడం, అనగా గడపకు అడ్డంగా ముళ్ళకొమ్మ వేసి, తాళం బిగించి, దీపం కూడా పెట్టక విడిచిపోవడం, ఈ ప్రాంతపు ఆచారం. అయితే ప్రాణం పోయినది ఇంట్లో కాదు, కారులో. ప్రాణం పోయిన చోటునే మూయవలెనని పురోహితుడు తేల్చినాడు. సుబేదారిలోని ఇంటి పోర్టికోలో కారును ఉంచితే కప్పు కింద దోషం ఉన్నట్లే. వీధిలో ఉంచితే ఎదురింటివారు తగవుకు వచ్చినారు.

అప్పుడు సారంగపాణియే సేటు భార్య కళావతికి ఉపాయం చెప్పినాడు. "మా అడ్డాల పెడ్దామమ్మా. దానికి కప్పు లేదు, గడప లేదు. అది ఎవ్వలిల్లు గాదు."

అందరూ ఒప్పుకొన్నారు. కారును అడ్డా నడిమి వరుసలో నిలిపి, వెనుక తలుపు పిడిలో తుమ్మకొమ్మ గుచ్చి, తాళపుచెవి కళావతికి అప్పగించి వచ్చినాడు. ఆ కొమ్మ అర్థమేమో వరంగల్ చుట్టుపక్కల తెలియనివారు లేరన్న సంగతి ఆనాడు ఎవరికీ తోచలేదు.

మొదటి నెల అడ్డా కళకళలాడినది. గేటు పక్కన చాయ్ బండి పెట్టుకొన్న రాజక్క ఊపిరి తిరుగక పనిచేసినది. తరువాత ఆ కారుకు అటుపక్క, ఇటుపక్క గీతల నడుమ చోట్లు ఖాళీగా ఉండసాగినవి. వచ్చినవారు బండి మళ్ళించి, కొమ్మను చూసి, మారు మాట్లాడక మరొక వరుసకు పోయేవారు. కొన్నాళ్ళకు ఆ వరుస ఖాళీ అయినది. పిదప దాని ముందు వరుస.

వానలు మొదలైన తరువాత మరొక సంగతి కనబడినది. ఉదయం తక్కిన కార్ల అద్దాల మీద తడి బయట ఉండేది, గుడ్డతో తుడిస్తే పోయేది. ఈ కారు వెనుక ఎడమ అద్దం మీద మాత్రం తడి లోపలివైపు ఉండేది. మనిషి మూతి దగ్గరగా పెట్టి ఊపిరి వదిలితే పట్టినంత మేర, గుండ్రంగా.

"లోపట ఎవలన్న పండుకుంటాండ్రా తమ్మీ?" అని రాజక్క అడిగినది.

"తాళం అమ్మగారి తాన ఉన్నది."

"నేను తాళం సంగతి అడుగలే."

సారంగపాణి చాయ్ తాగకుండానే లేచిపోయినాడు. ఆ దినమే బజారులో, సేటు ప్రాణం విడిచిన చోటికి బస్సు వచ్చేసరికి, వీపు వెనుక కమ్మీ మీద రెండు మార్లు తట్టిన చప్పుడైనది. కాలు తనంతట తానే బ్రేకు మీద పడినది. అక్కడ స్టాపు లేదు. ఆయన తలుపు తీసి, భారీ మనిషి మెట్లు దిగడానికి ఎంతసేపు పట్టునో అంతసేపు ఆగి, తలుపు మూసినాడు. "ఎవలు దిగుతాండ్రయ్యా?" అని వెనుక నుండి ఒక ముసలమ్మ అడిగినది. మరునాడు కూడ అక్కడ బస్సు ఆగినది. ముసలమ్మ మళ్ళీ అడుగలేదు.

అంతలో అడ్డాకు వేరొక రకపు కార్లు రాసాగినవి. పట్నం దవాఖాన నుండి శవాన్ని తెచ్చిన కారు ఒకటి. రఘునాథపల్లి దగ్గర హైవే మీద మనిషి పోయిన కారు మరొకటి. చావు చూసిన బండిని ఇంటి ముందు పెట్టుకొనడానికి వెరచినవారందరికీ, దానికొక చోటున్నదన్న కబురు అందినది. వారు చీకటిపడే వేళకు వచ్చి, బండి నిలిపి, తలుపుకు కొమ్మ గుచ్చి, వెనుదిరిగి చూడక ఆటో ఎక్కి పోయేవారు. ఒక్కరూ బస్సు ఎక్కలేదు. సారంగపాణి ఒకనిని అడ్డగించినాడు. అతడు హన్మకొండలో సిమెంటు వ్యాపారి.

"ఇది చావుబండ్లు పెట్టే జాగ గాదన్నా. తీస్కపో."

"మీ సేటుది ఉన్నది గదా? మాది ఉంటె ఏమైతది? మీ సేటు ఏమన్న ఎక్కువ సచ్చిండా?"

అతడు కొమ్మ గుచ్చి వెళ్ళిపోయినాడు.

భాద్రపదం నాటికి అడ్డా నిండినది. గేటు మీది దీపాల బోర్డు, లోపల ఉన్న కార్లను తానే లెక్కించుకొని, "జాగ లేదు" అన్న ఎర్రని అక్షరాలను ఉదయం నుండి రాత్రి వరకు చూపసాగినది. బతికి ఉన్నవారి కార్లు ఆ అక్షరాలు చూసి గేటు నుండే మళ్ళిపోయేవి. లోపల వరుసలు వరుసలుగా కార్లు, నడుమ మనిషి అలికిడి లేదు. గాలి వీచినప్పుడు ఎండిన తుమ్మకొమ్మలు రేకుల మీద గీరుకొనే చప్పుడు రాజక్క బండి దాక వినబడేది.

చైతన్య ఒక ఉదయం వచ్చినాడు. "ఆఫీసుల నా స్క్రీన్ మీద అడ్డా నిండుగ కనవడ్తాంది కాకా. బస్సుల టికెట్లేమో తెగుతలేవు. కార్లు దిగినోళ్ళు ఎటు పోతాండ్రు?"

"దిగినోళ్ళు లేరు సారూ" అని సారంగపాణి అతనిని లోపలికి తీసుకొనిపోయినాడు.

చైతన్య నడుస్తూ నడుస్తూ మెల్లబడినాడు. సేటు కారు దగ్గర ఆగి, కొమ్మను తీయబోయి, చేయి వెనుకకు తీసుకొన్నాడు. "మా నాయినమ్మ పోయినప్పుడు మేం గూడ ఇల్లు పాడువెట్టినం" అన్నాడు చివరకు. "డ్రాయింగుల నీడ పెట్టిన, నీళ్ళు పెట్టిన, ముసలోళ్ళకు గేటు దాక చిన్న బండి పెట్టిన. గిది పెట్టలే."

"క్రేనుతోని లేపలేమా?"

చైతన్య అక్కడనే క్రేనువారికి ఫోన్ చేసి అడిగినాడు. "మేం ముట్టమంటాండ్రు. కాకా, పండుగ ముందట పెద్దలొస్తరు. బస్సులు గిట్లనే ఖాళీగ ఉంటె స్తంభాలు పీకుతరు. బజార్లకు మల్ల కార్లొస్తయ్."

సారంగపాణి కంటికి ఆ వీధి కనబడినది. రెండు వైపుల బండ్లు, నడుమ ఎదురెదురుగా ఇరుకుకొన్నవి రెండు, వాటి వెనుక ఇంకెవరిదో కారు, అందులో ఇంకెవరో. "మొదటిది నేను పెట్టిన సారూ" అన్నాడు. "అది ఉన్నన్ని దినాలు ఇంకొకలను పొమ్మనే మొఖం నాకు లేదు. ముందుగాల అది పోవాలె."

సుబేదారిలో కళావతి ఆయన చెప్పినదంతా విన్నది.

"కార్తీకం దాక గడువున్నది సారంగం. అందాక ఆగలేవా?"

"దసరా ఆగదమ్మా."

"ఆయన నీ బస్సులకు ఎదురు మాట్లాడిన మనిషి, ఎరికేనా?"

"ఎరికెనమ్మా. ఆ తొవ్వల ఆయన ఎట్ల పోయిండో గూడ నాకే ఎరిక."

"సాయంత్రమైతే గేటు ముందట కారు ఆగిన చప్పుడైతది. తీద్దామని లేస్త. లేచినంక యాదికొస్తది" అన్నది. తరువాత లోపలికి పోయి తాళపుచెవి తెచ్చినది. చేతికి ఇవ్వలేదు, గడప మీద పెట్టి రెండడుగులు వెనుకకు జరిగినది. "ఎక్కడన్న పెట్టు. మా వాకిట్ల మాత్రం ఆపకు."

మరునాడు సారంగపాణి సెలవు పెట్టి, కొమ్మను తీసి ముందు సీటులో ఉంచుకొని, తాళం తిప్పినాడు. నెలల తరబడి కదలని బండి. బ్యాటరీ చచ్చి ఉంటుందని తాడు కూడ తెచ్చుకొన్నాడు. ఒక్క తిప్పుకే ఇంజను లేచినది, నిన్న సాయంత్రం ఆపి పోయినట్లు. లోపల సేటు నమిలే సోంపు వాసన చెక్కుచెదరకుండా ఉన్నది. అద్దంలోకి చూడరాదని నిశ్చయించుకొని, దానిని పైకప్పువైపు తిప్పినాడు.

చోటు దొరకలేదు. పాతబండ్లు విప్పి అమ్మేవాడు ముందు సీటులో కొమ్మను చూడగానే లోపలికి పోయి షట్టరు దించినాడు. రఘునాథపల్లిలో పోశయ్య అనే పరిచయమున్న రైతు, ఎదురు వచ్చి మొక్కజొన్న చేని గట్టు మీదనే ఆపినాడు.

"మక్క పాలుపోసుకుంటాంది బావా. గిప్పుడు దాని పక్కన దీన్ని పెడతవా?"

"ఓ మూలకు పెడ్త. కార్తీకం దాకనే."

"నీతోని ఏమన్న పగ ఉన్నదా నాకు? చాయ్ తాగి పో. అదీ కారు దిగి రా, దాంట్ల కూసోని అడుగకు."

చాయ్ తాగకుండానే మళ్ళినాడు. ఖాళీగా కనబడిన ప్రతి బయలూ ఎవరిదో ఒకరి వాకిలికి ఎదురుగానే ఉన్నది. ఎక్కడ మెల్లబడినా ఎవరో ఒకరు బయటికి వచ్చి నిలబడేవారు. దినమంతా తిరిగినాడు. అంత తిరుగుడులోను వెనుక నుండి ఒక్క చప్పుడూ కాలేదు. పొద్దు వాలుతుండగా హసన్‌పర్తిలోకి వచ్చి, తన వాడ గుండా ముందుకు పోబోతున్నాడు. అప్పుడు సీటు వీపు మీద రెండు మార్లు తట్టు పడినది.

ఆగినాడు. పక్కన తన ఇల్లే ఉన్నది.

వినోద వాకిలి ఊడుస్తున్నది. కారును చూసినది, ముందు సీటులో కొమ్మను చూసినది, చీపురును గోడకు ఆనించినది.

"సేటును ఇంటికి తెచ్చినవా?"

"ఎవ్వలు జాగ ఇయ్యలే."

"మనం ఇయ్యాలెనా మరి?"

"ఇయ్యకపోతె బజార్లకు మల్ల కార్లొస్తయ్ వినోదా. ఇంకెవలో ఆ తొవ్వల కూసోని కూసోనే పోతరు. నేను బస్సుల కెల్లి చూసుకుంట కూసోవాలె."

ఆమె లోపలికి పోయి గిన్నెలు దించసాగినది. "కారు వాకిట్ల, మనం లోపట, గట్ల నడువది. మూస్తె రెండు మూయాలె" అన్నది లోపలి నుండి. "మగ్గం సామాను నేను ఎత్తలేను, నువ్వు రా. పెద్ద మనిషిని ఎంతసేపు బయట కూసోవెడతవ్?"

ఆ సందెవేళనే వారు ఇంటికి తాళం వేసినారు. కారు తలుపుకు ఒక కొమ్మ, ఇంటి గడపకు ఒక కొమ్మ. అడ్డా వెనుక ఒక రేకుల గది అద్దెకు దొరికినది. తమ ఇంట చావు లేకుండానే ఇల్లు పాడుపెట్టిన దంపతులను ఆ వాడ అంతకు ముందు చూడలేదు.

ఇక సారంగపాణికి మొఖం వచ్చినది. కొమ్మ గుచ్చిన ప్రతి కారు యజమాని ఇంటికీ పోయినాడు. సిమెంటు వ్యాపారి తలుపు తీసి, "మీ సేటుదేది?" అని అడిగినాడు. "మా ఇంట్ల ఉన్నది. మా ఇల్లు పాడువెట్టినం" అని సారంగపాణి చెప్పగా, అతడు చొక్కా తొడుక్కొని వెంట వచ్చినాడు. తక్కినవారు కూడ కొందరు సిగ్గుపడి, కొందరు సణుగుకొంటూ, తమ బండ్లను తీసుకొనిపోయినారు. బోర్డు మీది ఎర్రని అక్షరాలు ఆరిపోయినవి. రాజక్క గీతల నడుమ పసుపునీళ్ళు చల్లినది. పండుగ బట్టలకు జనం రాసాగినారు, కార్లు విడిచి బస్సు ఎక్కసాగినారు.

పెద్దలు చూడవచ్చే దినాన ఉదయం బస్సు కిక్కిరిసినది. నిలబడినవారు తలుపు దాక ఉన్నారు. కాని డ్రైవరు వెనుక ఉన్న మొదటి సీటు ఖాళీగా ఉన్నది. అద్దంలో సారంగపాణి దానిని చూసినాడు. చంకన పిల్లను పెట్టుకొన్న తల్లి కూడ కమ్మీ పట్టుకొని నిలబడి, ఆ సీటుకు తగులకుండా చీర కుచ్చిళ్ళు దగ్గరకు లాక్కొంటున్నది. వీపు వెనుక చప్పుడు అందరికీ వినబడుతున్నదో, లేక స్టాపు లేని చోట బస్సు ఎందుకాగుతున్నదో ఎవరైనా చెప్పినారో ఆయనకు తెలియదు. "వచ్చే బస్సుకు పోదాంపా" అని ఒక మగమనిషి భార్యను దింపినాడు. వారి వెనుక మరి ఇద్దరు దిగినారు. అడ్డాకు పట్టిన గతి బస్సుకు పట్టడం ఎట్లా మొదలగునో సారంగపాణి ఎరుగును.

అప్పుడు వినోద ఎక్కినది. ఆమె బజారులో ఒక దుకాణానికి చీరల అంచులు కుట్టి ఇస్తుంది. మూట పెద్దది, మోకాళ్ళు నొప్పులు. నిలబడినవారిని తోసుకొంటూ వచ్చి, ఖాళీ సీటును చూసి, వారి మొఖాలు చూసి, చివరకు అద్దంలో భర్త కండ్లను చూసినది.

"జర జరుగుండ్రి సేటూ" అన్నది. "ఇల్లంత ఇచ్చినం మీకు. సగం సీటు ఇయ్యరా?"

కిటికీవైపు సగం విడిచి, ఇటువైపు కూర్చొని, మూటను ఒడిలో పెట్టుకొన్నది. వెనుక ఎవరో నవ్వినారు. మరెవరో "ముసల్ది గట్టిదే" అన్నారు. పిల్లతల్లి మెల్లగా వచ్చి పిల్లను వినోద మూట మీద కూర్చోబెట్టినది. దిగినవారు ఒకరినొకరు చూసుకొని మళ్ళీ ఎక్కినారు. బస్సు నిండుగానే బజారు చేరినది, ఆ దసరాకు స్తంభాలను ఎవరూ పీకలేదు.

సీటు దిండు కిటికీవైపు బరువుకు కుంగి ఉండెనని, తన మోచేతికి ఆ వైపు చల్లగా తగిలెనని, వినోద రేకుల గదికి వచ్చిన తరువాత చెప్పినది. బస్సులో ఉన్నంతసేపు మాత్రం ఆమె పిల్లను ఆడిస్తూ, తల అటు తిప్పలేదు.